సారక్క హోటల్ మీద పడ్డ గీత

"ఎక్కువేం చెప్పను. ఆ సార్ రాంగనే మన ఖమ్మం ఎంపీ సీటు చరిత్ర నాలుగు ముక్కల్ల చెప్త. ఆయన బూత్ రాసిచ్చి పోతడు. మీరు ఇండ్లకు పోయి వండుకోండ్రి," అన్నాడు సాంబమూర్తి, చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి.

నాలుగు ముక్కలు అనేసరికే హోటల్ సారక్కకు భయం పట్టుకుంది. సాంబమూర్తి నోట ఏదీ నాలుగు ముక్కల్లో ఆగిన రోజు లేదు.

కొత్తగూడెం నుంచి టేకులపల్లి పోయే దారిలో మా గుట్టకింద కాలనీ. ఎంపీ సీట్ల మధ్య గీత మా రోడ్డు మీదుగానే పోతుంది. ఇటు పక్క ఇళ్లవాళ్లు ఖమ్మం ఎంపీకి ఓటెయ్యాలి, అటు పక్కవాళ్లు మానుకోట ఎంపీకి, అంటే మహబూబాబాద్ సీటుకు. ఇటువాళ్ల బూత్ పట్నం వైపు, అటువాళ్లది అడవి వైపు. ఏ వైపు పోయినా బొగ్గు లారీలు తిరిగే రోడ్డు, తల దాచుకోవడానికి చెట్టు ఉండదు. పార్లమెంటు ఎలక్షన్లేమో నడి ఎండల్లో పెడతారు. మా బడిలో రెండు గదులున్నాయి, రెండు బూత్‌లూ అక్కడే పెట్టండని అడిగి అడిగి గొంతులు ఎండిపోయాక, ఇవాళ పది గంటలకు ఒక సార్ చూసి పోవడానికి వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటేనే వచ్చేసారి మా ముసలివాళ్లు ఓటేస్తారు.

కాలనీ తరపున మాట్లాడాల్సింది సాంబమూర్తి. బొగ్గు బాయిలో చేసి రిటైరైన మనిషి, సమ్మెలప్పుడు మేనేజర్ల ముందు నిలబడ్డ మనిషి. ఆయన్ని మాట్లాడనివ్వకపోతే ఆయన పరువు పోతుంది, మాట్లాడనిస్తే మా బూత్ పోతుంది.

"సాంబన్నా, సార్ ముందల ఏం చెప్తవో జర మాకు చెప్పి చూపియ్యి," అంది సారక్క.

"ఇను. ఎమర్జెన్సీ తీసేసిన యేడు ఎలక్షన్లు. నాకింకా మీసం సరిగ రాలే. ఓట్ల పెట్టెలు తెచ్చే జీపు వాగు ఇసుకల దిగబడ్డది. సార్లు తలకాయలు పట్టుకొని కూసున్నరు. నేను ఒక పెట్టె నెత్తికెత్తుకొని ఒడ్డుకు చేర్చిన. గంతే."

"మంచిగున్నది. గిక్కడ ఆపు."

"ఆపుడేంది? అసలు సంగతి అప్పుడే కదా షురువైంది! ఒక కాలు ఒడ్డు మీద పెట్టిన్నో లేదో, వెనక నుంచి గుభేలుమని వాగు వచ్చింది."

"మార్చి నెలల వాగా కాకా?" అన్నాడు ఆటో నాగరాజు.

"నన్ను చూసి వచ్చింది రా! వాగులకు మనుషులు తెలుస్తరు. కొట్టుకపోయిన, కొట్టుకపోయిన, పోయి పోయి గోదాట్ల తేలిన. భద్రాచలం కాడ నీళ్లు మూడో హెచ్చరిక దాటి ఉన్నయి. పెట్టె సీలు పండ్లతోని కరిచి పట్టుకున్న, చేతులతోని ఈత కొడుతున్న. ఒక లాంచీ డ్రైవర్ నన్ను చూసి, 'అన్నా, ఎట్లాగూ పోతున్నవు, మా లాంచీకి తాడు కట్టుకో, ఇంజన్ ఆగిపోయింది' అన్నడు. పాపం, లాంచీ నిండ పర్ణశాల పోయే భక్తులు. కట్టుకున్న. గుంజిన. వాళ్లను గుడి మెట్ల కాడ దింపి, ప్రసాదం కూడ తినకుండ వెనకకు తిరిగిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"పులి వచ్చి ఉంటది," అన్నాడు నాగరాజు.

"అవ్! నీకెట్ల తెలుసు?"

"అడివి దారి కదా, ఇంకెవరు వస్తరు."

"వచ్చింది. దారికి అడ్డం నిలబడ్డది. నేను బెదరలే. 'లిస్టుల నీ పేరుందా?' అని అడిగిన. తల దించుకున్నది. 'లేకుంటే పోయి లైన్ల చివర నిలబడు' అన్న. నిలబడ్డది! సాయంత్రం దాకా ఒక్కరిని ముట్టలే. దాని ముందు నిలబడ్డ ముసలాయన బీడీ తాగుతుంటే జర దగ్గింది, గంతే."

సారక్క పొయ్యి మీద గిన్నె దించి నెత్తి కొట్టుకుంది. "సాంబన్నా, నీ కాళ్లు మొక్కుత. సార్ ముందల పులిని తేకు."

"పులిని వద్దంటే వదిలేస్త. వీపు సంగతి మాత్రం చెప్పాలె."

"ఏం వీపు?"

"పెట్టెలకు నీళ్లు పోయి ఓటు కాగితాలు తడిసినయి. ఎండబెట్టనీకి జాగ ఏది? బోర్లా పండుకొని నా వీపు మీద పరిచిన. ఆరినయి కానీ, ముద్రలన్నీ నా వీపుకు అంటుకున్నయి! కాగితాలు తెల్లగైనయి. ఇగ ఖమ్మంల లెక్కపెట్టే కాడ నన్నే బల్ల మీద బోర్లేసిండ్రు. ఇటు ఒక పార్టీ ఏజెంటు, అటు ఒక పార్టీ ఏజెంటు, నడుమ కలెక్టర్. నాకేమో చక్కిలిగిలి. నవ్వితే ఓట్లు కలిసిపోతయని శ్వాస బిగబట్టి పండుకున్న. ఆ యేడు ఖమ్మం ఎంపీ గెలిచింది నా ఎడమ జబ్బ మీద పడ్డ ఓట్లతోని."

"వీపు చూపియ్యి కాకా," అన్నాడు నాగరాజు.

"పెండ్లినాడు నలుగు పెట్టి తోమిండ్రు. పోయినయి."

బెంచీ మీదివాళ్లందరూ నవ్వారు. సారక్క నవ్వలేదు. రోడ్డు వైపు చూస్తోంది. బెంచీ చివర కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఎర్రమ్మ కూడా నవ్వలేదు. ఎనభై దాటిన మనిషి, రోడ్డుకు అటు పక్క ఒక్కతే ఉంటుంది.

"నవ్వుతరేంది? ఆ పేరు ఢిల్లీ దాకా పోయింది. కొన్నేండ్లకు సీట్ల గీతలు మార్చాలె అన్నరు. భద్రాచలం పేరు మీద ఒక ఎంపీ సీటు ఉండె కదా, అది తీసేసుడప్పుడే. పరేడ్ మైదానం నిండ మ్యాపు పరిచిండ్రు. పెద్ద పెద్ద ఆఫీసర్లు చెప్పులిడిచి దాని మీద తిరుగుతున్నరు. ఖమ్మం కాడికి వచ్చేసరికి ఎవ్వనికీ చెయ్యి ఆడుతలేదు. ఇటు పట్నం, అటు బొగ్గు బాయిలు, ఆపైన అడివి. 'ఇది ఆ సాంబమూర్తి వల్లనే అయితది' అని విమానం పంపిండ్రు. నేను లుంగీ మీదనే పోయిన. చేతిల బొగ్గు పెళ్ల. ఖమ్మం గుట్ట మీది కోట కాడ మొదలుపెట్టి సక్కగ గీసుకుంట వస్తున్న, గీసుకుంట వస్తున్న, సరిగ్గా మన కాలనీ కాడికి రాంగనే..."

"ఏమైంది?"

"తుమ్మొచ్చింది! చెయ్యి వణికి గీత వంకర పోయింది. పోయి పోయి సారక్క హోటల్ మీద పడ్డది. అందుకే కదా, ఈ చాయ్ ఖమ్మం సీటుల మరిగి మానుకోట సీటుల చల్లారుతది. మరి భద్రాచలం సీటు ఏమైందంటరా? పారెయ్యబుద్ధి కాలే. మడత పెట్టి జేబుల ఏసుకున్న. ఇంకా నా కాడనే ఉన్నది." అంగీ జేబు తట్టి చూపించాడు.

ఎర్రమ్మ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది.

"సాంబా."

"ఏంది పెద్దమ్మా?"

"గీత గీసింది నువ్వే కదా. మరి మొన్న పార్లమెంటు ఎలక్షన్లల్ల నీ ఓటు ఏమైంది?"

సాంబమూర్తి గ్లాసు అందుకున్నాడు. అందులో చాయ్ లేదు. అయినా తాగాడు.

"ఏసిన."

"ఎక్కడ ఏసినవు రా? నన్ను సైకిల్ క్యారేజీ మీద కూసోబెట్టి, ఒక చేత్తోని గొడుగు పట్టి, ఒక చేత్తోని సైకిల్ నూకుకుంట అడివి దిక్కు బూత్‌కు నడిపిచ్చినవు. నడుమ నాకు కండ్లు తిరిగి పడిపోతే, ఆగిన లారీ నీడల పండబెట్టి మొఖాన నీళ్లు కొట్టినవు. 'వద్దు రా, ఇంటికి పోదం' అంటే, 'ఓటు ఎయ్యందే నిన్ను ఇంటికి తీస్కపోను' అని కొట్లాడినవు. ఏయించినవు. నన్ను ఇంట్ల దింపి నీ బూత్‌కు ఉరికితే గేటు మూసిండ్రు. నాకు చెప్పనే లేదు. నీ పెండ్లాం చెప్పి ఏడ్చింది."

సారక్కకు ఒక్కసారి గుర్తొచ్చింది. "అందుకేనా, ఆ వారమంతా ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యలే? చాయ్ గ్లాసు, పైసలు, అన్నీ కుడి చేత్తోనే. సిరా ఏదని అడుగుతమని!"

"ఇంకేం చెయ్యమంటవు?" సాంబమూర్తి గొంతు పెరిగింది. ఈసారి అది కోతల గొంతు కాదు. "మీసం వచ్చిన కాడి నుంచి ఒక్క ఓటు తప్పలే నాకు. బాయిల నైట్ షిఫ్టు చేసి ఒంటి మీద మసితోని పోయి లైన్ల నిలబడ్డ. రోడ్డుకు అటు పక్క ముసల్దానికి ఓటు ఏయిస్తే ఇటు పక్క నా ఓటు పోవాల్నా? ఏసీ గదిల కూసొని గీత గీసినోనికి ఏం తెలుసు ఈ ఎండ? నా ఓటు పోయిందని నలుగుట్ల ఏ మొఖం పెట్టుకొని చెప్పుకోను?"

"గిదే చెప్పు," అంది సారక్క. "సార్ ముందల గిదొక్కటే చెప్పు, సాంబన్నా."

"దీంట్ల ఏముంది చెప్పనీకి? పులి లేదు, వరద లేదు."

"నాగరాజూ, నువ్వు చెప్పు."

నాగరాజు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "కాకా, పులి లైన్ల నిలబడ్డదంటే నవ్విన. గిది ఇంటే నాకే సిగ్గయింది. ఆ రోజు నా ఆటో ఇంటి ముందటనే ఉండె."

అప్పుడే జీపు వచ్చి హోటల్ ముందు ఆగింది. సార్ దిగాడు. చిన్నవాడే. ఎండకు మొహం ఎర్రబడి ఉంది. ముందు మంచినీళ్లు అడిగాడు. తాగి, "ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

సాంబమూర్తి కండువా సర్దుకుని లేచాడు. సారక్క గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సార్, మా పెద్దమ్మను మొన్నటి ఎలక్షన్లకు సైకిల్ మీద బూత్‌కు తీస్కపోయిన. ఆ బూత్ ఇక్కడికి నలభై కిలోమీటర్లు..."

కర్ర నేలకు తగిలింది.

"నాలుగు," అంది ఎర్రమ్మ.

"నాలుగు, సార్," అన్నాడు సాంబమూర్తి. "నాలుగే. కానీ ఆ ఎండ చూడు సార్..." అని ఆగి, భయం భయంగా ఎర్రమ్మ వైపు చూశాడు.

ఎర్రమ్మ కర్ర ఒళ్లోకి తీసుకుంది.

"ఎండ సంగతి ఎంత పెద్దగ చెప్పినా తక్కువే రా. చెప్పు."

సార్ టోపీ తీసి బెంచీ మీద కూర్చున్నాడు. "ఆ బడి ఎక్కడుంది? ముందు ఇది మొత్తం వింటాను, తర్వాత వెళ్లి చూద్దాం," అన్నాడు. సారక్క చాయ్ గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది.