నుదుటి మీద ట్రయల్

గరివిడిలోని ఫ్లెక్సీ దుకాణంలో భార్య అప్పుడే ప్రింటయిన పెద్ద బొమ్మను విప్పింది. భర్త ఫోన్లోంచి తలెత్తలేదు.

“మావా, నుదుటి మీద అడ్డంగా ‘ట్రయల్’ అని పడిపోనాది. ఓపాలి సూడు.”

“ఏటి నొక్కేసినావే?”

“నేనేటీ నొక్కలేదు. బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ కొనమని మూణ్నెల్ల నుంచి సెప్తన్నాను. ఊరికే వచ్చిందే సాలన్నావు. దాని గడువు అయిపోనాది.”

“నీ గీతలకి అంత ఖర్చెందుకు?”

“నా గీతల మీదే నీ దుకాణం నడుస్తన్నాది. నీ ఫోనైతే ఏడాదికోటి కొత్తది రావాల.”

“ఒసే, నోర్ముయ్యి! మనకొచ్చినవన్నీ సచ్చినోళ్ల బొమ్మలే కదేటి? నుదురు కప్పడిపోయేటట్టు దండేసీమను.”

“అలాగే సెప్తాన్లే. రేపు నీ సన్మానానికని వర్తక సంఘమోళ్లు ఏయించిన నీ బొమ్మే ఇది.”