అస్వాన్ రన్‌వే

అలెగ్జాండ్రియాలో వగ్దీ చనిపోయి ఇంకా నెల తిరగలేదు. అతని భార్య, పరామర్శకి వచ్చిన ఒకతనికి చక్కెర లేని సంతాపపు కాఫీ ఇచ్చి, అతనికీ వగ్దీ కంప్యూటర్‌కీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

“ఆ కంప్యూటర్ ఒక్కసారి తెరవనివ్వండి వదినా.”

“వదినా అనకు. నిన్ను నేనెప్పుడూ చూడలేదు.”

“మేం నెట్‌లోనే స్నేహితులం. విమానం నడిపే ఆట కోసం అన్న అస్వాన్ విమానాశ్రయం తయారుచేశాడు కదా? ఆ ఆటకి కొత్త వెర్షన్ వచ్చాక అందులో రన్‌వే నేలలో కూరుకుపోయింది. సరిచెయ్యాలంటే అన్న దాచుకున్న అసలు ఫైళ్లు కావాలి.”

“తీసుకెళ్లి అమ్ముకోడానికా?”

“అన్న అందరికీ ఊరికే ఇచ్చాడు. ఇక డబ్బిచ్చి కొనేదెవరు?”

“మరి ఆయన పోయాక కూడా, నెట్‌లో ఆ విమానాశ్రయం గురించి అడిగినవాళ్లకి ఆయన పేరుతోనే జవాబులు వస్తున్నాయి. నేను చదివాను. ఎవడా దొంగ?”

అతను కప్పు కింద పెట్టాడు.

“నేనే. అన్న పేరుతో జవాబులు రాసే పని మేమిద్దరం పంచుకునేవాళ్లం. పోయాడని రాయడానికి చేతులు రాలేదు. వాళ్లు ‘థాంక్యూ వగ్దీ’ అంటుంటే ఇంకా ఉన్నట్టే అనిపించేది.”

ఆమె కుర్చీ పక్కకి జరిపింది.

“ముందు ఆయన పోయారని రాయి. రన్‌వే సంగతి తరవాత. అటు తిరుగు, పాస్‌వర్డ్ నేనే కొడతాను.”