మూడు వేల కెల్విన్ల పసుపు

రెండువేల తొమ్మిది జూలై పధ్నాలుగు, మంగళవారం. గాలి లేదు, వాన లేదు, చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. లోయ అడుగు నుంచి కొండ మీద మన కిమెండే ఊరి దాకా పొగమంచు దూదిలా కూరి పెట్టినట్టుంది. తారీఖుతో సహా ఎందుకు చెబుతున్నానంటే, ఈ టీ కొట్టులో కూర్చున్న వాళ్ళలో సగం మందికి నిన్న తిన్నదేమిటో గుర్తుండదు, అలాంటివాళ్ళు రేపు మా అన్న బండి ఎవరిదో తీర్పు చెబుతారట. ముహోరో, నీ జేబులో కాగితం ఇంకోసారి చదువు. అందరూ వినాలి.

చర్చి పెద్ద ముహోరో కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. మా అన్న, పేరు గిచుకి, పోయిన నెల కన్ను మూసే ముందు రాయించిన కాగితం అది. "ఆవులు రెండూ నా కొడుకు ముటహికి. నీళ్ళ తొట్టి చర్చికి. పికప్ బండి, ఆ పొగమంచు రోజున ఎవరి వెలుతురు నన్ను ఇంటికి చేర్చిందో వాళ్ళకి."

విన్నారుగా. ఆ వెలుతురు నాది. దీనికి మళ్ళీ తీర్పెందుకు? తోడబుట్టినవాణ్ణి, కంపాలా కాలేజీలో రెండేళ్ళు భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, ముసలితనంలో టీలోకి చక్కెర అద్దిన మందాజీ బూరెలు తినేవాళ్ళ ముందు సాక్ష్యం చెప్పుకోవాల్సిన గతి పట్టింది నాకు. ఆ కాలేజీలో మాకు పెట్టిన చిక్కుడుగింజల్లో గింజలకన్నా పురుగులే ఎక్కువ, ఒకసారి నేను లెక్కపెట్టి ప్రిన్సిపాల్‌కి రాసిచ్చాను కూడా. అది వేరే కథ.

బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. మూడు వేలంటే పసుపు, నాలుగు వేల మూడొందలంటే పాలలో కాస్త తేనె కలిపిన రంగు, ఆరు వేలంటే తెలుపు, ఎనిమిది వేలంటే నీలం. అది రంగు లెక్క, వెలుగు లెక్క కాదు. ఈ ముక్క ఎంతమందికి తెలుసు? అంకె పెద్దదైతే వెలుగు పెద్దదనుకుని, మన డ్రైవర్లందరూ ఎగబడి ఎనిమిది వేలవి పెట్టించుకున్నారు. నీలం లైటు పొగమంచు మీద కొడితే ఏమవుతుంది? మంచే గోడయి తిరిగి నీ కళ్ళల్లోకే కొడుతుంది. అమ్మేవాడికి సిగ్గు లేదు, కొనేవాడికి బుద్ధి లేదు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు నేనొక్కణ్ణే హెడ్‌లైట్లకి నాలుగు వేల మూడొందలు, కింద ఫాగ్ లైట్లకి మూడు వేలు అన్నాను.

"నువ్వే అన్నావా, పెద్దాయనా?" అన్నాడు గథూరు. వీడు రోడ్డు పక్కన బళ్ళు బాగుచేసుకునేవాడు. నా పక్కనే కూర్చుని నా టీ చల్లారిపోతోందని కూడా చెప్పడు.

నేనే అన్నాను. నువ్వు నోరు మూసుకుని విను. కింద లోయలో నైవాషా దగ్గర ఉల్లిపాయలు ఎత్తుకుని తెల్లవారుజామున ఘాటు రోడ్డు ఎక్కుతున్నాం. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మధ్యలో మా అన్న స్టీరింగు పట్టుకుని వణుకుతున్నాడు. అదిగో, ఆ మూల కూర్చుందే ఉల్లిపాయలమ్మే న్యాగూథీ, ఆవిడ వెనక బస్తాల మీద నిద్రపోతోంది. మంచెంత దట్టమంటే కన్ను మూసినా తెరిచినా ఒకటే. అన్న చెయ్యి బయటపెట్టి సైగ చేశాడు, ఆ చెయ్యి మళ్ళీ మాకు కనబడింది మూడు మైళ్ళ తర్వాత.

"చెయ్యి వెనకే ఉండిపోయిందా?" అన్నాడు గథూరు.

నవ్వకండి. పాతికేళ్ళుగా ఈ ఘాటులో ఎన్ని బళ్ళు లోయలోకి పోయాయో ముహోరోని అడగండి, ఎంతమందిని పూడ్చిపెట్టాడో చెబుతాడు. అప్పుడు నేను, అన్నా, ఆ పసుపు స్విచ్ నొక్కు అన్నాను. నొక్కాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు వెన్నలా తెగింది. తెగడమంటే మాటవరసకి కాదు, పలకలు పలకలుగా తెగి రోడ్డుకి అటూ ఇటూ పడింది. వెనక వస్తున్న క్యారెట్ల లారీవాళ్ళు ఆ పలకలు ఎత్తుకుని సరుకు మీద కప్పుకున్నారు, నైరోబీ చేరేదాకా ఒక్క క్యారెట్ వాడిపోలేదు. ఒక్కడైనా నాకు కృతజ్ఞత చెప్పాడా? చెప్పడు. ఈ దేశంలో మేలు చేసినవాడికి మిగిలేది అదే.

మా వెనక మొదట నాలుగు లారీలున్నాయి. మలుపు తిరిగేసరికి నలభై. పైకొచ్చేసరికి నాలుగొందలు, అన్నీ లైట్లార్పుకుని నా పసుపు పట్టుకుని వస్తున్నాయి. కినాలే అడవి దగ్గర కోళ్ళు తెల్లారిందనుకుని కూసి, గుడ్లు పెట్టి, ఆ పెట్టిన గుడ్లే పొదిగేశాయి. అంతలో తల మీద ఏదో రొద. ఏమిటా అని చూస్తే విమానం. ఏ మహానుభావుడో పైనుంచి నా వెలుగు చూసి విమానాశ్రయమనుకుని మా వెనక దిగిపోయాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, అయ్యా, నైరోబీకి ఇదేనా దారి అని అడిగాడు.

"ఏమన్నావు?" అన్నాడు ముహోరో.

ఇదే, కానీ క్యూలో రా అన్నాను. అసలు విషయం అది కూడా కాదు. పొద్దున ఆరున్నరకి సూర్యుడు లేవబోయి, నా మూడు వేల కెల్విన్లు చూసి, తన పని ఎవరో చేసేస్తున్నారని అలిగి మళ్ళీ కిందకి దిగిపోయాడు. ఆ రోజు కిమెండేలో పొద్దు పొడిచింది పదిన్నరకి. ఇంత చేసినవాడికి ఒక పాత పికప్ బండి ఇవ్వడానికి మీకు పంచాయితీ కావలసి వచ్చింది. థూ.

గథూరు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "పెద్దాయనా, అది మంగళవారమేనా?"

ఎన్నిసార్లు చెప్పాలిరా? మంగళవారం. జూలై పధ్నాలుగు.

"మరి బుధవారం పొద్దున్న బండి నా దగ్గరికి తెచ్చింది నువ్వే కదా. ఆ రోజుకి దానికున్నవి పైనా కిందా ఎనిమిది వేల నీలం బల్బులు. అంతకు నెల ముందు నేను వద్దంటున్నా వినకుండా, అంకె పెద్దదైతే వెలుగు పెద్దదని నువ్వే పట్టుబట్టి పెట్టించావు. బుధవారం వచ్చి, వాటిని పీకేసి పసుపువి పెట్టమన్నావు. ఎలాంటి పసుపు అంటే ఏమన్నావో చెప్పనా?"

అక్కర్లేదన్నాను.

"నిన్న మంచులో న్యాగూథీ చేతిలో బ్యాటరీలు అయిపోవచ్చిన టార్చి ఉందే, సరిగ్గా ఆ రంగు కావాలన్నావు."

కొట్టులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే తిట్టి పోయేవాణ్ణి. ముహోరో మూలకి తిరిగి, ఏం జరిగిందమ్మా అని అడిగాడు. న్యాగూథీ చేతులకంటిన చక్కెర కొంగుకి తుడుచుకుంది.

"ఏముంది? లైట్లు వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడలేదు. గిచుకి పెదనాన్నని లైట్లార్పెయ్యమని చెప్పి నేను దిగి ముందు నడిచాను. టార్చి మోకాళ్ళ దగ్గర పట్టుకుంటే రోడ్డు మీది గీత కనబడింది. గీత వెంట నేను, నా కాళ్ళ వెంట పెదనాన్న. ఇంటికొచ్చేసరికి రెండు గంటలు పట్టింది."

"మరి ఈయన?"

"కిమోథో బాబాయ్ ముందు సీట్లో కళ్ళు మూసుకుని కీర్తన పాడుతున్నాడు. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ బండి నా వెనకే ఉందని ధైర్యంగా ఉండేది."

ముహోరో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంక రేపు కూర్చోవాల్సిన పని లేదన్నాడు. నేను లేచాను. గుమ్మం దాటబోతుంటే న్యాగూథీ పిలిచింది. "ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ముందు సీటు నీదే బాబాయ్. కీర్తన పాడు చాలు. బల్బుల మాట మాత్రం ఎత్తకు."

ఆవులు ముటహికి వెళ్ళాయి, వాటిలో ఒకటి ఇప్పటికే వట్టిపోయింది. నీళ్ళ తొట్టి చర్చికి. బండి న్యాగూథీకి, నేను ఎంచిన మూడు వేల పసుపు బల్బులతో సహా. ఎనిమిది వేలవి గథూరు కొట్టులో మేకుల డబ్బాలో పడి ఉన్నాయి, వాటిని ఎవరూ అడగలేదు. నాకు ఏమీ రాలేదు. తారీఖు చెప్పకుండా ఉండాల్సింది.