ఆ ఆరు మాత్రలు

అలా గోడవైపు మొహం పెట్టుకుంటే ఎలా అత్తయ్యా? నర్సే తిప్పి పడుకోబెట్టిందిలెండి, నాకూ తెలుసు. అయినా మూడు రోజులుగా ఈ స్టూలు మీద కూర్చుని చూస్తుంటే, మీరు నామీద అలిగే పడుకున్నారేమో అనిపిస్తోంది.

ఆ పొద్దున కూడా అదే అనుకున్నాను కదా. మీ కుట్టుమిషన్ చప్పుడుకి తల పగిలిపోతోందన్నాను. కుడుతున్న చొక్కా అలాగే వదిలేసి వెళ్ళి పడుకున్నారు. ఆకలేస్తే ఆవిడే లేస్తుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం మీ అబ్బాయి వచ్చి పిలిస్తే ఊఁ అన్నారు. కళ్ళు తెరవలేదు. భుజం పట్టి కుదిపినా అంతే. అప్పుడు ఆటో పిలిచి ఈ ఆసుపత్రికి తీసుకొచ్చాం.

ఇక్కడ తల స్కాన్ తీసి, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈ నిద్రేమిటి? "ఇంట్లో నిద్రమాత్రలున్నాయా?" అని చిన్న డాక్టరు అడిగాడు. మీ అబ్బాయి ఇంటికి పరిగెత్తి, మీ అలమారలో బట్టల కిందనుంచి మాత్రల అట్ట పట్టుకొచ్చాడు. పదింట్లో ఆరు ఖాళీ.

"అమ్మ మింగేసింది" అన్నాడు. నావైపు ఒక చూపు చూశాడు. నేను మీ దుప్పటి సర్దాను.

మత్తు దిగేదాకా చూద్దామన్నారు. మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే చూశారు.

అప్పుడొచ్చింది పెద్ద డాక్టరమ్మ. మిమ్మల్ని గట్టిగా పిలిచి, రెప్పలెత్తి, వేలు పైకి కదిపి దానివైపు చూడమంది. మీ కళ్ళు పైకి లేవలేదు. "ఇది మాత్రల పని కాదు. మెదడు రక్తనాళాలు చూడాలి" అంది. తొడ దగ్గర సన్న గొట్టం పెట్టి, నాళాల్లోకి మందు పంపి బొమ్మలు తీశారు.

నాకూ చూపించింది. మామూలుగా మెదడు నడుమ భాగానికి కుడికొకటి, ఎడమకొకటి సన్నటి నాళాలుంటాయట. మీకు మొదలొకటే, అది రెండుగా చీలిందట. చాలా అరుదట. ఆ మొదట్లోనే రక్తం గడ్డ అడ్డం పడి, రెండు పక్కలా ఒకేసారి దెబ్బ తగిలింది. మనిషిని మెలకువగా ఉంచే చోటే అదట.

"మొదటి గంటల్లోనే తెలిసుంటే కరిగించే మందు ఇచ్చేవాళ్ళం" అంది.

ఆ ఆరూ నేనే మింగాను అత్తయ్యా. రోజుకొకటి. నాకు నిద్ర పట్టి నెలయింది. మీ అబ్బాయికి తెలిస్తే నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడని, అతను చెయ్యి పెట్టని చోటని మీ బట్టల కింద దాచాను.

ఇవాళ పొద్దున నాకు టీ తెచ్చిచ్చాడు. "పోనీ, నువ్వైనా పక్కనున్నావు" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. టీ తాగాను.

మెల్లగా లేస్తారట మీరు. కాకపోతే కొత్తగా విన్నదేదీ మనసులో నిలవకపోవచ్చట. డాక్టరమ్మ ఆ మాట అన్నాకే, మీకు చెప్పే ధైర్యం వచ్చింది నాకు.