మామగారి మడతచాకు

ముందు గది. సోఫాలో బామ్మర్ది. ఎదురుగా అద్దాల షోకేసు, దానికి అడ్డంగా బావ. అక్క వంటింట్లో ఉంది.

"ఈ సోఫాకి ప్లాస్టిక్ కవరు ఎప్పుడు తీస్తావు బావా? కొని ఏడేళ్ళయింది. కూర్చుంటే అంటుకుపోతోంది, లేస్తే చర్మం ఊడొస్తోంది."

"లేవకు మరి. నిన్నెవరు లెమ్మన్నారు?"

"లేస్తా. ముందు నాన్న చాకు ఇటివ్వు, చూసి లేస్తా."

"అద్దంలోంచి కనబడుతోందిగా. పక్కన నా కప్పు కూడా ఉంది, అదీ చూడు. పరుగు పందెం, ఆరో తరగతి."

"మూడో బహుమతికి అంత కప్పా?"

"మూడోదని నీకెవరు చెప్పారు?"

"దాని మీదే రాసుంది. చాకు మడిచి ఉంది బావా. నేను తెరిచి చూడాలి."

"చూడ్డానికి అది నీ బొమ్మనుకున్నావా? మామగారు పోయాక మీ అక్క వాటాకొచ్చింది. అరుదైన సరుకు. ఒకటే బ్లేడు, కొమ్ము పిడి, లోపల ఇత్తడి రేకు. పదకొండు వీడియోలు చూశాను నేను. మడిస్తే బ్లేడు పిడిలో సగానికే వస్తుంది చూడు, అది ఆ కంపెనీ ప్రత్యేకత."

"నా మొహం ప్రత్యేకత! పెయింటు డబ్బా మూత లేపబోయి మొన విరగ్గొట్టింది నేను. నాన్న వారం రోజులు రాయి మీద అరగదీసి మళ్ళీ మొన తెచ్చాడు."

"వీడియోలో అలా చెప్పలేదే."

"వీడియోవాడు మా ఇంట్లో ఉన్నాడా? చుట్టూ ఈ పొట్లాలేంటి?"

"తేమ పీల్చేవి. బూట్ల పెట్టెల్లో వస్తాయి. ఈ వీధిలో ఎవరు బూట్లు కొన్నా పొట్లం నాకే."

"నూనె ఏం వేశావు?"

"వంటనూనె. కొత్తదేలే, వేయించింది కాదు."

"వంటనూనె! జిగురు కట్టి చస్తుంది. కుట్టుమిషను నూనె వెయ్యాలి, కీలు దగ్గర ఒక్క చుక్క. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి, అంతే. నాన్న మూసేటప్పుడు కూడా టప్పుమని వదిలేవాడు కాదు. అంచు మొద్దుబారుతుందని అరచేత్తో మెల్లగా..."

"ఇంత తెలిసినవాడివి ఆయన దగ్గర కరెంటు పని మానేసి ఇన్సూరెన్సు అమ్ముకోడానికి ఎందుకు పోయావు? రెండేళ్ళు ఆయన నీతో మాట్లాడలేదంటే ఊరికే మాట్లాడలేదా?"

"అందుకే చూడాలంటున్నా."

"ఏంటి చూసేది?"

"పేరు. బ్లేడు మొదట్లో 'చంటి' అని ఉండాలి. రాగి తెగకుండా వైరు ఒలవడం నాకొచ్చిన రోజున సూది పెట్టి గీశాడు. 'నా తర్వాత ఇది నీదేరా' అన్నాడు. నేను పని మానేసిన రోజున 'చెరిపేస్తా' అన్నాడు. చెరిపాడో లేదో చూడాలి, అంతే. చాకు నువ్వే ఉంచుకో. పొట్లాలు కూడా."

"పేరూ లేదు, గీరూ లేదు."

"తెరిచి చూపించు."

"లేదన్నాగా! గీతలుంటే బాలేదని నేనే రుద్దేశాను. ఎమెరీ పేపరుతో."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే... ఓ ఆదివారం."

"ఏ గీతలు?"

"గీతలంటే గీతలే! నువ్వేమన్నా పోలీసువా?"

"సరే. షోకేసు తియ్యి. ఆఁ, చాకు పట్టుకో. తెరువు."

"ఇప్పుడెందుకూ..."

"తెరువు బావా."

"బిగుసుకుపోయింది. నూనె వల్ల. నువ్వే అన్నావుగా జిగురని."

"గోరు పెట్టి లాగు. అక్కడ గాడి ఉంది."

"గాడి ఉందని నాకు తెలుసులే."

"గోరేదీ?"

"ఏ గోరు?"

"పది వేళ్ళకీ కొరికేస్తావు నువ్వు. పెళ్ళి ఫోటోలో కూడా నీ వేలు నోట్లోనే ఉంది. గోరు లేకుండా ఈ చాకు తెరుచుకోదు. నువ్వు దీన్ని ఒక్కసారి కూడా తెరవలేదు."

"స్పూనుతో తెరిచాను."

"ఆ గాడిలో స్పూను దూరదు."

"తెరవలేదు! తెరవలేదయ్యా, అయితే ఏంటిప్పుడు?"

"ఇటివ్వు."

"వద్దు. చెప్పేది విను..."

"ఇవ్వమన్నానా!"

"నిదానం, చెయ్యి కోసుకుంటావు. రక్తం సోఫా మీద పడుతుంది."

"కవరుందిగా, తుడుచుకో... ఏం లేదు బావా. నున్నగా ఉంది. అద్దంలా ఉంది."

"మొదట్నించీ చెబుతున్నా, నేనే రుద్దానని."

"తెరవలేదని ఇప్పుడేగా ఒప్పుకున్నావు? మూసిన చాకు లోపల ఎలా రుద్దావు? ఎందుకీ అబద్ధాలు? నా మీద జాలా?"

"జాలా? నీ మీదా? నీ దగ్గర పాలసీ తీసుకున్న రోజే అయిపోయింది ఆ జాలి."

"అంటే నాన్నే. అన్నంత పనీ చేశాడు. కొడుకు లేడనుకునే పోయాడు."

"ఏమేవ్, నువ్వెందుకొచ్చావు? లోపలికెళ్ళు. మేం మాట్లాడుకుంటున్నాం."

"మీరు జరగండి. అబద్ధం ఎలాగూ చేతకాలేదు."

"అక్కా, చూడు. చెరిపేశాడక్కా."

"నాన్న చెరపలేదురా."

"మరి?"

"మంచాన పడ్డ ఏడాదీ ఆయనకి తినిపించింది నేను, తుడిచింది నేను. ఆయన మాత్రం పొద్దున లేస్తే ఆ చాకు తెరుచుకుని, నీ పేరు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చునేవాడు. పక్కనే గిన్నె పట్టుకుని నేను. ఆయన పోయిన మర్నాడు ఎమెరీ పేపరు కొనుక్కొచ్చింది నేనేరా చంటీ."