ఫిట్టయినందుకు జిలేబి

"బాపమ్మా, చేరెటందుకు ఎల్లుండే ఆఖరు తారీఖు. హైదరాబాద్‌ పోయి ఫిజిక్స్‌ల చేరాల్నా, ఈన్నే ఉండి బాపు నౌకరి తీసుకోవాల్నా? నువ్వైతే ఏం చేస్తుంటివి?"

నన్నడుగుతానవా పిల్లా? ఏలుముద్ర దాన్ని, ఫిజిక్సంటె నేనేం చెప్తనే. కూసో. గా ఫ్యాను జర తక్కువ చెయ్యి, మోకాళ్ళు గుంజుతానయి. ఆఁ. పొద్దుగాల సంది నీ మొకం సూస్తానే ఉన్న. అన్నం ముందట పెట్టుకోని కెలుకుతానవు గని తింటలేవు. నాకూ బుగులుగనే ఉన్నది, అబద్ధమెందుకు.

ఫిజిక్సంటె నాకు మీ బాపే యాదికొస్తడు. నీకెర్క లేదు గని, వాడూ డిగ్రీల గదే సదివిండు. మంచిర్యాల కాలేజీల. రైల్ల పోయి రైల్ల వచ్చెటోడు. అప్పుడు చాయ ఎంతుండె... రూపాయేమో, గది గూడ తాగకపోయెటోడు. ఒకపారి సూర్యగ్రహణం పట్టింది. వాడకట్టంత తలుపులు పెట్టుకోని లోపట కూసున్నరు. మీ మేనత్త కడుపుతోని ఉండె, దాన్ని చెద్దరు కప్పి పండవెట్టిన. వీడేమో చెప్పుల డబ్బకు సూదితోని బొక్క వొడిచి, గిండ్ల సూడే అవ్వా అని నన్ను బయటికి గుంజుకపోయిండు. డబ్బ లోపట చిన్న సూర్యుడు, కొరికిన బిస్కెటు తీరుగ. మా అత్త తిట్టింది సూడు ఆ రోజు, ఇద్దర్నీ కలిపి తిట్టింది.

రెండో ఏడు నడుస్తాంది, మీ తాతకు బొగ్గు బాయిల కాలు మీద బండ వడ్డది. కాదు కాదు, బండ కాదు, టబ్బు. బొగ్గు మోసే టబ్బు పట్టాలు తప్పి మీదికొచ్చింది. దవాఖాన్ల డాక్టర్లు సూసి అన్‌ఫిట్ అని రాసిండ్రు. అన్‌ఫిట్ అంటె నీకు తెల్సుగదా, తండ్రి బాయి దిగుడు బందు, కొడుకు దిగుడు షురూ. బయటోళ్ళు సూస్తె మనల్ని పిచ్చోళ్ళనుకుంటరు, మన కాలనీల అన్‌ఫిట్ అయితె పేడాలు పంచుతరాయె. కాలు విరిగినోని ఇంట్ల పేడాలేందే అంటరు. ఏం జేస్తం, ఇంట్ల పొయ్యి ఆరిపోలేదన్న సంబురం. నేనూ ఇంటింటికి తిరిగి పంచిన. మీ బాపు కాలేజీ బ్యాగు మాత్రం చానా దినాలు గోడకే ఉన్నది, తియ్యనియ్యలే. తర్వాత వాడే తీసి అండ్ల హెల్మెటు పెట్టుకోని డ్యూటీకి పోయిండు.

ఇగ ఇప్పుడు నీదాక వచ్చింది. గీ నౌకరి ఆడపిల్లలకు గూడ ఇస్తాండ్రని తెల్సిన కాడ్నించి అందరిదీ ఒక్కటే పాట. ఎదురింటి సత్తమ్మ నిన్న నల్లా నీళ్ళ కాడ పట్టుకున్నది. ఫిజిక్స్ సదివి ఏమైతది, పంతులమ్మ అయితది గంతేగదా, మీ ఓడు అన్‌ఫిట్ పెట్టుకుంటె పిల్లకు నౌకరి అన్నది. మీ మేనమామేమో కంప్యూటర్ సదువు తీస్కొమ్మంటడు. ఎవలకు తోచింది వాళ్ళు చెప్తాండ్రు. నాక్కూడ సత్తమ్మ చెప్పిందే నిజమనిపిచ్చింది, దాసుడెందుకు. నువ్వు కండ్ల ముందట ఉంటవు, మావోడు బాయి దిగుడు ఆగుతది. రోజూ వాడు షిఫ్టుకు పోయెటప్పుడు టిఫిను మూత పెట్టుకుంట దండం పెడ్త నేను. గా బాధ తప్పుతది అనుకున్న.

గని మొన్నటి ముచ్చట నీకు చెప్పలే. మీ బాపు ఒట్టు వేయించుకున్నడు.

మొన్న కంపెనీ దవాఖాన్ల వాన్ని పరీక్షలకు పిలిచిండ్రు సూడు, వచ్చేటప్పుడు జిలేబి పట్టుకొచ్చిండు. నీ సీటుకనుకోని తిన్నవు. కాదే. ఫిట్టయిండని తెచ్చిండు. ఈ కాలనీల ఫిట్టయినందుకు జిలేబి తెచ్చిన మనిషిని నేనింకోన్ని సూడలే.

వాని చెవులు పోయినయే పిల్లా. మిషన్ల సప్పుడుకు పోయినయి. తెల్లారి వాకిట్ల గడ్డం గీసుకుంటాంటె ఎనుకనుంచి పిలిచిన, పిలిచిన, పలకలే. పోయి భుజం పట్టి తిప్పిన. ఇనపడ్తలేదారా అంటె నవ్విండు. గా పరీక్షల చెవులకు డబ్బలు పెట్టి, సప్పుడు ఇనపడ్డప్పుడు వేలు లేపుమంటరట. కొందరు ఇనపడ్డా లేపకుంట కూసుంటరట, అన్‌ఫిట్ కావాలని. వీడు ఇనపడకున్నా లేపిండు. మిషిను కాడి పిలగాని చెయ్యి కదిలినప్పుడల్లా లేపిండు. ఎందుకురా గిట్ల చేసినవంటె, "నేను అన్‌ఫిట్ అయితె అందరు కల్సి దాన్ని ఈన్నే కట్టేస్తరే అవ్వా. అది హైదరాబాద్‌ పోనీ" అన్నడు.

నా పానం ఎట్లయిందో నీకేం చెప్పాలె. బాయిల కండ్ల కంటె చెవులే కావాలని మీ తాత అనేటోడు. పై కప్పు కూలే ముందట చిటచిట అంటదట. గది ఇన్నోడు ఉరుకుతడు, ఇననోడు... ఇగ వద్దు, నా నోటికి రాదు. వాడు డ్యూటీకి పోతె వచ్చేదాంక గేటు కాడనే నిలవడ్తాన. చెప్తె నువ్వు సదువు ఇడిచిపెడ్తవాయె, చెప్పకపోతె వాడు ఆ చెవులతోనే దిగుతడాయె. ఎటు పోవాలె నేను?

అందుకే ఒట్టు తప్పిన. ఇను. నువ్వు యాడ నౌకరి తీసుకుంటవో అన్న బుగులుతోనే వాడు దాస్తాండు. గా బుగులు నువ్వే తియ్యాలె. "బాపూ, నువ్వు అన్‌ఫిట్ అయినా నాకు నౌకరి వద్దు, నేను ఫిజిక్స్‌లనే చేరుత. దవాఖానకు పోయి నిజం చెప్పు" అను. గప్పుడు వానికి దాసే పనేమున్నది? బాయి దిగకుంట పైన పని ఇస్తె చేస్తడు, ఇయ్యకపోతె ఇంట్ల కూసుంటడు. కంపెనీ క్వార్టర్ పోతది. పోనీ. గీ ఇంట్లనే ముసలిదాన్నైన, అయినా పోనీ, కిరాయింట్ల ఉందాం. సత్తమ్మ అంటె అననీ.

ఏడ్వకే. నీ తప్పేమున్నది ఇందుల. నువ్వు మంచిగ సదువు, ధైర్నంగ సదువు, సల్లగుండు బిడ్డా.

అగో, బండి ఆగింది, వచ్చినట్టున్నడు. మొకం కడుక్కోని చాయ తీస్కపో. కుడిదిక్కు కూసోని చెప్పు, ఎడమదిక్కు చెప్తె అస్సలే ఇనపడది వానికి.