చేతులతోని మాట్లాడిన ఫ్రెంచామె

“అమ్మమ్మా, ఈ ఫోటోల పెద్దమ్మమ్మ పక్కన తెల్లామె ఎవరు?”

ఆమెనా? జర లైటెయ్యి బిడ్డా... ఆఁ, ఫ్రాన్సుల సినిమా యాక్టరు. ఇవెట్ అని పేరు. నాకు నోరు తిరగక ఈవమ్మ అంటుంటి.

మా సుశీలక్కకు చిన్నప్పుడు జరమొచ్చి చెవులు పోయినయి గదా. మాట గూడ రాలే. ఇంట్ల ఇద్దరం చేతులతోనే మాట్లాడుకుంటుంటిమి. బాపుకు అది నచ్చకపోయేది. నలుగురు చూస్తే పిల్లనెవరు చేసుకుంటరని, బయటికి పోతే చేతులు కొంగుల దాచుకోమనేటోడు. చెడ్డోడు గాదు బాపు. భయం ఆయనకు.

అప్పుడు చిక్కడ్‌పల్లిల మా ఇంట్ల సుబ్బారావుగారని కిరాయికుండె, కోస్తా ఆయన. నారాయణగూడల ఒక హాల్ల ఐతారం ఐతారం ఫారిన్ సినిమాలు వేయించేటోడు. ఒకసారి మమ్మల్ని గూడ తీస్కపోయిండు. ఈమె సినిమానే. అంతా ఫ్రెంచి, ఎవరికీ ఒక్క ముక్క సమజ్ కాలే. తెలుగు సినిమాకు పోతే అక్క పాపం అందరి ఎనక నవ్వేది. ఆ రోజు అందరికన్న ముందు అక్కనే నవ్వింది.

ఇగ ఆమె సినిమా ఏదొచ్చినా పోవుడే. ఆమె కథ సుబ్బారావుగారు చెప్పిండు. సముద్రం కాడ చేపలు పట్టేటోళ్ల బిడ్డంట. పారిస్‌కు పోతే గొంతు బొంగురుగుందని పంపించేసిండ్రంట. గుడ్డల షాపుల పనిజేస్కుంట, గుంపుల నిలబడే వేషాలు వేస్కుంట ఏండ్లు గడిపింది. ఆఖరికి ఒక డైరెక్టరు మాటల్లేని వేషమిచ్చిండు. ఆ ముఖంతోనే దేశదేశాల పేరొచ్చింది. వయసు మీద పడ్డంక వేషాలు తగ్గినయి, నాటకాలల్లకు పోయింది. బాధపడుకుంట కూసోలే.

గామె ఒకసారి మన హైదరాబాదుకొచ్చింది, మా హాలుకే. పెద్ద పెద్దోళ్లు ఇంగ్లీషుల ఏందేందో అడుగుతున్నరు. మా అక్క లేసింది. నేను కొంగు వట్టి గుంజిన, ఆగలే. ఎదురుంగ పోయి, ఆమె ముఖం చూపించి, ఇదంతా ఎవరు నేర్పిండ్రని చేతులతోని అడిగింది. సుబ్బారావుగారు ఇంగ్లీషుల చెప్పబోతుంటే ఈవమ్మ వద్దన్నది. రెండు చెవులు మూసుకున్నది. తర్వాత పసిపిల్లను ఎత్తుకున్నట్టు చేతులు ఊపింది. అక్కకు తెలిసిపోయింది, వాళ్లమ్మ అని. ఆ తల్లికి గూడ వినబడదంట బిడ్డా. ఆ సంగతి సుబ్బారావుగారికే తెల్వదు. ఇంకేముంది, వాళ్లిద్దరు మాట్లాడుకుంటున్నరు, హాలు హాలంతా చూస్తున్నది. ఈ ఫోటో అప్పటిదే.

రిక్షాల ఇంటిదాంక అక్క చేతులు ఆగలే. బాపు వాకిట్ల నిలబడ్డడు. గల్లీల అందరు చూస్తుండంగనే ఆయనకు గూడ చెప్పబట్టింది, ఆమె ఇట్లన్నది, నేనిట్లన్న అని. బాపు అంతా చూసిండు. చూసి చూసి, ఇన్నేండ్లల్ల ఎన్నడు లేంది, తన చెయ్యి లేపిండు. వేళ్లు సక్కగ రాక, రెండుసార్లు నోటికాడికి తీస్కపోయి అడిగిండు...

“తిన్నవా బిడ్డా?”

అక్క ఏడ్వలే. బాపు వేళ్లు పట్టుకొని, అట్ల గాదు, ఇట్ల అని సర్ది చూపించింది.

ఫోటో ఇట్లియ్యి బిడ్డా. నువ్వు సల్లగుండు నా తల్లీ. నువ్వు నోరు తెరవకున్నా నీ మనసు ఎరిగేటోళ్లు నీకు దొరకాలె...